పట్టేసిన కీలు కదలాలంటే



ఫిజియోథెరపీ గదికి కొత్తగా వచ్చినవాళ్ళు చాలామంది కుర్చీలో కూర్చోగానే ఒకే మాట అడుగుతారు. "ఓ పది రోజులు కరెంటు పెట్టండి, తగ్గిపోతుంది." కరెంటు అంటే చర్మానికి ప్యాడ్లు అంటించి సన్నగా జివ్వుమనిపించే యంత్రం. కొందరు వేడి మైనం పెట్టమంటారు, ఇంకొందరు లైటు పెట్టమంటారు. ఇవన్నీ మా దగ్గర ఉన్నాయి. కాసేపు నొప్పిని నెమ్మదింపజేస్తాయి కూడా. కానీ పట్టేసిన కీలును అవి విడిపించలేవు, సన్నబడిన కండరానికి బలం తెచ్చిపెట్టలేవు. ఆ పనులకు వేరే మార్గాలున్నాయి. ఫిజియోథెరపిస్టు తన చేతులతో కీలును పట్టుకుని, లోపలి బిగువు సడలేలా మెల్లమెల్లగా కదిలిస్తారు. దీన్ని మేం జాయింట్ మొబిలైజేషన్ అంటాం. ఆ తరవాత రోగి స్వయంగా చేయాల్సిన వ్యాయామం ఉంటుంది. మేం చేసేది వారానికి రెండు మూడుసార్లు, చేసినప్పుడల్లా ఓ పావుగంట. మీరు చేయాల్సింది మాత్రం రోజూ. ఈరోజు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే: మా చేతులు తెచ్చిపెట్టిన కదలికను మీరు అదే రోజు మీ కండరంతో వాడుకోవాలి. వాడుకోకపోతే అది నిలవదు.

ఎందుకు నిలవదో తెలియాలంటే కీలు లోపల ఏముందో కొంచెం తెలుసుకోవాలి.

రెండు ఎముకలు కలిసేచోట వాటి కొనల మీద తెల్లగా, నున్నగా ఒక పొర ఉంటుంది. మనవాళ్ళు "మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయింది" అన్నప్పుడు ఆ పొర గురించే చెబుతున్నారు. దానిలో రక్తనాళాలు లేవు. శరీరంలో చాలా భాగాలకు అన్నం రక్తం ద్వారా అందుతుంటే, ఈ పొరకు మాత్రం కీలులో ఉండే జిగురు ద్రవమే ఆధారం. ఆరోగ్యంగా ఉన్న మోకాలిలో ఆ ద్రవం ఒక చిన్న చెంచాడు కూడా ఉండదు. కాలు మీద బరువు పడినప్పుడు పొర నొక్కుకుని అందులోని ద్రవం బయటికి వస్తుంది, బరువు తీసినప్పుడు తాజా ద్రవం లోపలికి వెళ్తుంది. అడుగు వేసిన ప్రతిసారీ ఇది జరుగుతుంది. నడిస్తే గుజ్జు అరుగుతుందన్న భయంతో మంచం దిగనివాళ్ళు ఆ గుజ్జుకు అందాల్సిన తిండిని తామే ఆపేస్తున్నారు.

కీలు చుట్టూ ఒక సంచి ఉంటుంది, క్యాప్స్యూల్ అంటారు. కీలు అన్ని వైపులా తిరగాలంటే ఆ సంచికి వదులు కావాలి. భుజం దగ్గర చంక వైపున అది మడతలు పడి ఉంటుంది. చెయ్యి పైకెత్తినప్పుడు ఆ మడతలు విప్పుకుంటాయి. వారాల తరబడి చెయ్యి కదలకపోతే మడతలు ఒకదానికొకటి అతుక్కుని సంచి కుంచించుకుపోతుంది. కండరం సంగతి ఇంకా తొందర. తొడ ముందు భాగంలో ఉండే పెద్ద కండరం, మనల్ని కుర్చీలోంచి లేపేది, మోకాలికి దెబ్బ తగిలి కదలిక ఆగితే రెండు మూడు వారాల్లోనే కంటికి కనిపించేంతగా సన్నబడుతుంది. పైగా మోకాలిలో వాపు ఉన్నంతకాలం ఆ కండరానికి నరాల ద్వారా అందాల్సిన ఆజ్ఞ పూర్తిగా అందదు. మనిషి బిగించాలని ఎంత ప్రయత్నించినా అది సగమే బిగుస్తుంది. దాన్ని బద్ధకం అనుకుని ఇంట్లోవాళ్ళు కోప్పడుతుంటారు. అది బద్ధకం కాదు, వాపు చేసే పని.

విశ్రాంతి మంచిదా, కదలిక మంచిదా అన్న వాదన కొత్తది కాదు. 19వ శతాబ్దంలో లివర్‌పూల్‌లో హ్యూ ఓవెన్ థామస్ అనే వైద్యుడు జబ్బుపడిన కీలుకు కదలని, దీర్ఘమైన విశ్రాంతే మందు అన్నాడు. అదే కాలంలో ఫ్రాన్సులో లూకా షాంపియోన్యేర్ అనే సర్జన్ విరిగిన ఎముకకైనా తగినంత కదలిక ఉండాల్సిందేనన్నాడు. థామస్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు. ఆయన చూసిన కీళ్ళలో చాలావాటికి క్షయ పట్టి ఉండేది, అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు. ఆ కీళ్ళకు విశ్రాంతి తప్ప గతిలేదు. మనం చేస్తున్న పొరపాటల్లా ఆనాటి క్షయ కీలుకు చెప్పిన సలహాను ఈనాడు బెణికిన చీలమండకూ, అరిగిన మోకాలికీ వర్తింపజేయడం.

వ్యాయామంతో కండరానికి బలం తిరిగి తేవడాన్ని ఒక పద్ధతిలో పెట్టినవాడు థామస్ డెలార్మ్ అనే అమెరికన్ వైద్యుడు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులు షికాగోలోని గార్డినర్ జనరల్ హాస్పిటల్‌లో నెలల తరబడి కోలుకోకుండా ఉండేవాళ్ళు. అంతవరకూ వాళ్ళ చేత తేలికైన కదలికలు వందలసార్లు చేయించేవారు. డెలార్మ్ దాన్ని తిరగేశాడు. కండరం గట్టిగా కష్టపడితేగాని ఎత్తలేని బరువు పెట్టి, తక్కువసార్లు ఎత్తించాడు. బలం వస్తున్నకొద్దీ బరువు పెంచుకుంటూ పోయాడు. సైనికులు త్వరగా లేచి నడిచారు. 1945లో ఆయన ఆ అనుభవాన్ని ప్రచురించాడు. చిన్నతనంలో రుమాటిక్ జ్వరంతో మంచాన పడి, ఆ తరవాత బరువులెత్తి తన ఒంటిని తానే బాగుచేసుకున్న మనిషి ఆయన. ఈరోజు మీ చీలమండకు మేం ఇసుక సంచి కట్టి కాలు చాపమంటున్నామంటే, వారం తరవాత దాని బరువు పెంచుతున్నామంటే, అది ఆయన చూపిన దారే.

మన దేశంలో ఈ వృత్తికి చదువు మొదలైంది పోలియో పుణ్యమా అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో 1953లో ముంబయిలోని కె.ఇ.ఎం. ఆస్పత్రిలో తొలి ఫిజియోథెరపీ పాఠశాల పెట్టారు. చచ్చుబడిన చిన్న కాళ్ళను రోజూ కదిలించి, ముడుచుకుపోకుండా కాపాడి, పిల్లల్ని నిలబెట్టడమే అప్పటి ముఖ్యమైన పని. 2011 తరవాత మన దేశంలో సహజ పోలియో వైరస్ కేసు రాలేదు, 2014లో పోలియో రహిత దేశంగా గుర్తింపు వచ్చింది. ఇప్పుడు మా బల్లల మీద కనిపించేది పక్షవాతం, రోడ్డు ప్రమాదాలు, అరిగిన మోకాళ్ళు, పట్టేసిన భుజాలు.

భుజం గురించి కాస్త వివరంగా చెబుతాను. ఎందుకంటే చేతులతో చేసే చికిత్సా, వ్యాయామమూ ఒకదానికొకటి ఎలా కావాలో భుజం దగ్గర తెలిసినంత బాగా మరెక్కడా తెలియదు.

నలభై నుంచి అరవై ఏళ్ళ మధ్య, మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు ఎక్కువగా, దెబ్బేమీ తగలకుండానే భుజం పట్టేస్తుంది. దీన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. 1934లో బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్ పెట్టిన పేరది. షుగర్ ఉన్నవాళ్ళలో ఇది మరీ ఎక్కువ. మొదటి కొన్ని నెలలు నొప్పి, ముఖ్యంగా రాత్రిళ్ళు. ఆ తరవాత నొప్పి తగ్గుతుంది కానీ చెయ్యి లేవదు. చివరికి మెల్లగా వదులవుతుంది. మొత్తం ఏడాది నుంచి మూడేళ్ళ దాకా పట్టవచ్చు.

ఒక ఉపాధ్యాయురాలు వచ్చారు. యాభై దాటాయి, షుగర్ ఉంది. బోర్డు మీద పై సగంలో రాయలేకపోతున్నానన్నారు. జడ వేసుకోవడానికి కూతురు కావాలి, కుడి పక్కకి ఒత్తిగిలి పడుకోలేరు. ఎవరో చెప్పారని రెండు నెలలుగా ఆ చేతిని పవిట కింద దాచుకుని కదపకుండా ఉంచారు. రెండు మోచేతులూ పక్కటెముకలకు ఆనించి, ముంజేతులు రెండూ బయటికి తిప్పమన్నాను. ఎడమ ముంజెయ్యి హాయిగా పక్కకి వెళ్ళింది. కుడిది బొడ్డుకు ఎదురుగా మొదలై నాలుగు వేళ్ళ వెడల్పు కూడా కదల్లేదు. నా చేత్తో తిప్పి చూసినా అక్కడే ఆగింది. భుజం పట్టేసినప్పుడు మొదట పోయేది ఈ బయటికి తిరిగే కదలికే. మందగించిన కండరమైతే నేను తిప్పినప్పుడు తిరగాలి. తిరగలేదంటే ఆగింది కండరం దగ్గర కాదు, సంచి దగ్గర.

ఇప్పుడు చెయ్యి ఎత్తమంటే ఆవిడ ఏం చేస్తారు? భుజాన్ని మొత్తం చెవి దాకా ఎగదోస్తారు. చెయ్యి మాత్రం లేవదు. దానికి కారణం లోపల ఉంది. భుజం దగ్గర ఎముక తల పెద్దది, అది కూర్చునే గుంట చిన్నది, లోతు లేనిది. చెయ్యి పైకి లేచేటప్పుడు ఆ తల పైకి దొర్లుతుంది, అదే సమయంలో కిందికి జారుతుంది. రుబ్బురోలు వాడినవాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పొత్రం గుంటలోనే ఉంటూ తిరిగితేనే పిండి నలుగుతుంది, దొర్లుతూ గుంట అంచెక్కిందంటే పని ఆగిపోతుంది. భుజంలో ఎముక తల కిందికి జారకుండా పైకి దొర్లితే, నెత్తిన ఉన్న ఎముక కప్పుకు తగిలి నలుగుతుంది. కింది వైపు సంచి బిగుసుకుపోతే ఆ జారుడుకు చోటుండదు. అప్పుడు ఎవరో బలంగా చెయ్యి పట్టుకుని పైకి లాగితే ప్రాణం పోయినంత పని అవుతుంది, లాభం మాత్రం ఉండదు.

ఆ జారుడు ఉంది చూశారా, దాన్ని మనిషి తనంతట తాను విడిగా చేయలేడు. దానికోసం ప్రత్యేకంగా కండరమేదీ లేదు. అందుకే ఇక్కడ మరొకరి చేతులు కావాలి. ఆవిడను వెల్లకిలా పడుకోబెట్టి, చేతిని ఒంటి నుంచి కొంచెం ఎడంగా పెట్టి, మోచేతికి నా ఒంటితో ఆసరా ఇచ్చాను. నా కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న వంపును భుజం కొసన ఎముకను దాటి, పై జబ్బ మీద ఆనించాను. అక్కణ్నుంచి ఆవిడ పాదాల వైపు మెల్లగా ఒత్తి వదలడం, మళ్ళీ ఒత్తడం. కదిలేది మిల్లీమీటర్లలో ఉంటుంది. పక్కన నిలబడి చూసేవాళ్ళకు ఏమీ జరుగుతున్నట్టుండదు. ఆవిడ కూడా "ఇంతేనా అండీ? కాస్త గట్టిగా పట్టండి" అన్నారు. మొదటి రోజున గట్టిగా పట్టనే కూడదు.

ఎంత గట్టిగా ఒత్తాలన్నదానికి మా వృత్తిలో ఒక లెక్క ఉంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కు చెందిన జెఫ్రీ మెయిట్‌లాండ్ దాన్ని నాలుగు మెట్లుగా చెప్పాడు. వెన్నెముక మీద ఆయన పుస్తకం 1964లో, చేతులూ కాళ్ళ కీళ్ళ మీద మరొకటి 1970లో వచ్చాయి. మొదటి మెట్టులో కదలిక ఆరంభంలోనే అతి చిన్న ఊపులు. రెండోదానిలో ఊపులు పెద్దవి, కానీ బిగువు తగిలేచోటికి వెళ్ళవు. ఈ రెండూ నొప్పి తగ్గడానికి. మూడోదానిలో బిగువు దాకా పెద్ద ఊపులు, నాలుగోదానిలో సరిగ్గా ఆ బిగువు దగ్గరే చిన్న ఊపులు. ఇవి సంచిని సాగదీయడానికి. నార్వేకు చెందిన ఫ్రెడీ కాల్టెన్‌బోర్న్ ఊపులకు బదులు ఒత్తి పట్టుకుని కొన్ని సెకన్లు ఆగే పద్ధతి నేర్పాడు. ఎముక కొన ఉబ్బుగా ఉందా, గుంటగా ఉందా అన్నదాన్ని బట్టి ఏ వైపు జార్చాలో చెప్పే సూత్రానికి ప్రచారం తెచ్చిందీ ఆయనే.

ఆ సూత్రం ప్రకారం చెయ్యి బయటికి తిరగాలంటే ఎముక తలను ముందుకు జార్చాలి. కానీ 2007లో అమెరికాలో ఫ్రోజెన్ షోల్డర్ ఉన్న 20 మందిని రెండు జట్లుగా చేసి చూశారు. ముందుకు జార్చిన జట్టులో బయటికి తిరగడం సగటున 3 డిగ్రీలే మెరుగైంది. వెనక్కి జార్చిన జట్టులో 31 డిగ్రీలు మెరుగైంది. పుస్తకం చెప్పినదానికి ఇది ఎదురు. చిన్న పరిశీలనే అయినా నేను దీన్ని చాలా విలువైనదిగా చూస్తాను. సూత్రం దారి చూపడానికే, నిర్ణయం మాత్రం బల్లమీద ఉన్న భుజాన్ని చూసే తీసుకోవాలి. ఒక వైపు జార్చి, వెంటనే మళ్ళీ కొలిచి, పెరగకపోతే రెండో వైపు ప్రయత్నించే చికిత్సకుణ్ని నమ్మండి. కొలవకుండా నెల రోజులు ఒకే పని చేసేవాళ్ళను కారణం అడగండి.

ఇంకో పరిశీలన కూడా చెప్పాలి, ఎందుకంటే అది మాలాంటివాళ్ళ ఉత్సాహానికి పగ్గం వేసింది. 2004లో నెదర్లాండ్స్‌లో ఫ్రోజెన్ షోల్డర్ ఉన్న 77 మందిని రెండేళ్ళు గమనించారు. కొందరికి నొప్పి హద్దు దాటి సాగదీసే గట్టి చికిత్స చేశారు. మిగతావాళ్ళకు నొప్పి ఓర్చుకోగలిగినంతలోనే చేతిని కదిలించమనీ, ఒంటి పనులు చేసుకోమనీ చెప్పారు. రెండేళ్ళ చివర భుజం దాదాపు మామూలైనవాళ్ళు గట్టి చికిత్స జట్టులో 63 శాతం, నొప్పి హద్దులో ఉన్న జట్టులో 89 శాతం. నొప్పి మంటగా ఉన్న దశలో బలవంతం చేస్తే భుజం మరింత మొండికేస్తుందన్నమాట. "ఏడిపించి తిప్పితేగాని దారికి రాదు" అనే మాట మన ఊళ్ళలో ఇప్పటికీ వినిపిస్తుంది. దాన్ని దయచేసి నమ్మకండి.

ఆవిడ దగ్గరికి వద్దాం. ఓ పావుగంట జార్చి, లేపి కూర్చోబెట్టి మళ్ళీ కొలిస్తే చెయ్యి కొంచెం ఎక్కువ లేచింది. ఆవిడ ముఖం వెలిగింది. అసలు పని అప్పుడే మొదలైందని చెప్పాను. ఎందుకంటే సాగిన సంచి ఊరుకుంటే మళ్ళీ కుదించుకుపోతుంది, కొత్తగా వచ్చిన ఆ కొద్ది చోటులో చేతిని నడపడం కండరానికి ఇంకా తెలియదు. ఇంట్లో చేయడానికి నాలుగు పనులు చెప్పాను. అవి మీకూ పనికొస్తాయి.

బల్ల మీద మంచి చేతిని ఆనించి నడుము వంచండి. నొప్పి చేతిని కిందికి వదిలేయండి, బిగించకండి. నడుముని ముందుకీ వెనక్కీ ఊపితే చెయ్యి దానంతటదే ఊగుతుంది. తరవాత గుండ్రంగా. ఇది కాడ్‌మన్ పేరుతోనే చలామణీలో ఉన్న వ్యాయామం. నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో ఇదొక్కటే చాలు. రెండోది, గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో గోడమీద పైకి పాకడం. పాకినంత మేరకు పెన్సిలుతో గీత పెట్టుకోండి. భుజం చెవి వైపు ఎగిరిందంటే అక్కడ ఆపి, ఒక వేలు కిందికి దించండి. మూడోది, వెల్లకిలా పడుకుని రెండు చేతులతో ఒక కర్ర పట్టుకుని, మోచేతులు పక్కలకు ఆనించి, మంచి చేత్తో కర్రను తోస్తూ రెండో ముంజేతిని బయటికి తిప్పడం. మొదట పోయిన కదలిక ఇదే కాబట్టి దీన్ని మానకండి. నాలుగోది తువ్వాలు. వీపు వెనక నిలువుగా పట్టుకుని, పైన ఉన్న మంచి చేత్తో కింది చేతిని మెల్లగా పైకి లాగడం. ఇది నొప్పి బాగా తగ్గాకే. ఒక్కోటి పదిసార్లు, సాగినచోట ఐదు అంకెలు లెక్కపెట్టేదాకా ఆగి, రోజుకు మూడు పూటలు. వేడినీళ్ళ స్నానం తరవాతో, కాపడం పెట్టుకున్నాకో చేస్తే సులువు. కొన్ని నెలలు పట్టినా ఆవిడ బోర్డు పై సగానికి మళ్ళీ వెళ్ళారు. షుగర్‌ను అదుపులో పెట్టుకోవడం కూడా ఆ చికిత్సలో భాగమే.

ఇక మోకాలు. మోకాలు ఎంత వంగాలన్న లెక్క దేశాన్ని బట్టి మారుతుంది. చదునైన నేలమీద నడవడానికి 60 డిగ్రీల పైచిలుకు చాలు. మెట్లెక్కి దిగడానికి 90 దాకా కావాలి. తక్కువ ఎత్తు కుర్చీలోంచి లేవడానికి ఇంకాస్త. కానీ బాసింపట్టు వేసుకుని భోంచేయడానికి, గొంతుక్కూర్చుని ముగ్గు పెట్టడానికి, నేల మరుగుదొడ్డి వాడడానికి 130 దాటాలి. కుర్చీలు, బల్లలతో గడిపే దేశంలో 110 డిగ్రీలు వంగే మోకాలు మంచి మోకాలే. మన పల్లెలో ఆ మనిషి విస్తరి ముందు కూర్చోలేక దూరంగా కుర్చీలో కూర్చుంటాడు. అందుకే "నడుస్తున్నారు కదా, చాలు" అని సరిపెట్టుకోకుండా, మీకు ఏ పని చేతకావడం లేదో చికిత్సకుడికి ముందే చెప్పండి.

అరిగిన మోకాలికి చేతులతో చేసే చికిత్సా, వ్యాయామమూ కలిసి ఏం చేయగలవో 2000లో టెక్సస్‌లోని ఒక సైనిక వైద్యకేంద్రంలో పరీక్షించారు. 83 మంది. సగం మందికి నాలుగు వారాలపాటు వారానికి రెండుసార్లు చేతులతో కీళ్ళు కదిలించి, వ్యాయామం చేయించి, ఇంటిదగ్గరా చేయమన్నారు. మిగతావాళ్ళకు పేరుకు మాత్రమే ఒక చికిత్స ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి ఉత్తుత్తి చికిత్స జట్టులో 20 శాతం మంది మోకీలు మార్పిడి ఆపరేషన్ చేయించుకున్నారు. చికిత్స జట్టులో 5 శాతం. వాళ్ళు మోకాలు ఒక్కదాన్నే చూడలేదు, నడుము, తుంటి, చీలమండ కూడా చూసి ఎక్కడ బిగుసుకుంటే అక్కడ సడలించారు. ఆపరేషన్ అవసరమైనవాళ్ళకు అది గొప్ప వరం, సందేహం లేదు. కానీ అరిగిందని ఎక్స్‌రే చెప్పగానే ఆపరేషన్ తప్ప దారి లేదనుకోవడం తొందరపాటు. తొడ కండరం బలంగా ఉన్న మనిషి, ఎక్స్‌రే ఎంత భయపెట్టినా, చాలాకాలం తన కాళ్ళమీద తాను తిరుగుతాడు.

ఆ కండరానికి మంచం మీదే పని చెప్పవచ్చు. కాళ్ళు చాపి కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని మోకాలి వెనకభాగంతో మంచానికేసి నొక్కండి. తొడమీద చెయ్యి వేసి చూడండి, కండరం గట్టిపడుతోందా, మోకాలి చిప్ప పైకి లాక్కుంటోందా అని. గట్టిపడకపోతే మీరు పిరుదుతోనో మడమతోనో నొక్కుతున్నారన్నమాట. అది కుదిరాక, ఒక కాలు మడిచి, రెండో కాలు మోకాలు వంగకుండా జానెడు ఎత్తు లేపి, ఐదు లెక్కపెట్టి దించడం. అదీ కుదిరాక, చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. ఇది అన్నింటికంటే విలువైనది. కుర్చీ ఎత్తు తక్కువగా అనిపిస్తే మొదట దిండు వేసుకోండి, బలం వస్తున్నకొద్దీ దిండు తీసేయండి. డెలార్మ్ బరువు పెంచినట్టే ఇది.

మోచెయ్యి సంగతి మాత్రం వేరు. దీని గురించి కొంచెం కఠినంగానే చెబుతాను. పిల్లవాడు చెట్టుమీంచో మేడమీంచో పడి మోచెయ్యి విరిగితే, కట్టు విప్పాక చెయ్యి చాపలేడు. ఇంట్లోవాళ్ళు కంగారుపడి నూనె రాసి మర్దన చేయిస్తారు, బలంగా లాగి చాపిస్తారు. అలా చేస్తే మోచేతి ముందున్న కండరంలో రక్తం గూడుకట్టి, ఆ కండరంలోనే ఎముక పుట్టుకురావచ్చు. మొదట్లో కొంచెం వంగని చెయ్యి అప్పుడు ఎప్పటికీ వంగకుండా పోవచ్చు. నూనె పెట్టినవారి ప్రేమలో లోపం లేదు, కానీ మోచేతికి మర్దన పనికిరాదు, పరాయివాళ్ళు బలవంతంగా చాపడం పనికిరాదు. పిల్లవాడే ఆడుకుంటూ, నీళ్ళ చెంబు అందుకుంటూ, నోటికి అన్నం పెట్టుకుంటూ తన కండరంతో తాను కదపాలి. పిల్లలకు చాలావరకు కొద్ది నెలల్లో కదలిక దానంతటదే వస్తుంది.

కీళ్ళను చేత్తో కదిలించకూడని సందర్భాలు ఇంకా ఉన్నాయి. జ్వరంతోపాటు కీలు ఎర్రబడి, కాలుతూ, వాచి ఉంటే ముందు డాక్టర్ దగ్గరికి, అదీ ఆ రోజే. చీము పట్టిన కీలు కావచ్చు. ఎముక ఇంకా అతుక్కోకపోయినా, కాన్సర్ అనుమానం ఉన్నా, కీళ్ళవాతం ఉధృతంగా ఉన్నా, ఎముకలు బాగా గుల్లబారి ఉన్నా ఆ విషయం మీరే నోరువిప్పి చెప్పాలి. మెడను టకీమని విరిచే చోటికి వెళ్ళకండి, అది క్షవరశాల అయినా సరే. చేతులు తిమ్మిరెక్కుతున్నా, నడకలో తూలుతున్నా మెడకు ముందు పరీక్ష, తరవాతే చికిత్స.

వ్యాయామం చేస్తే నొప్పి వస్తుంది కదా, ఎంతవరకు ఓర్చుకోవాలి అని చాలామంది అడుగుతారు. చేస్తున్నప్పుడు లాగినట్టుండే నొప్పి, ఆపాక కాసేపట్లో తగ్గిపోతే భయం లేదు. మర్నాడు పొద్దున లేచేసరికి కీలు వాచినా, వేడిగా ఉన్నా, నొప్పి నిన్నటికంటే పెరిగినా నిన్న చేసింది ఎక్కువైంది. అప్పుడు సగానికి తగ్గించండి, మానేయకండి. ఈ మానేయకపోవడం దగ్గరే చాలామంది ఓడిపోతున్నారు. రెండు రోజులు అతిగా చేసి, మూడో రోజు నొప్పికి భయపడి, నాలుగో రోజు నుంచి పూర్తిగా ఆపేస్తారు. అలా చేసేకంటే తక్కువగా అయినా రోజూ చేసేవాళ్ళకే ఫలితం దక్కుతుంది.

చివరగా, మీ ఇళ్ళల్లో ఎవరికైనా ఎముక విరిగి కట్టు పడి ఉంటే, వాళ్ళకు ఒక విన్నపం. అది నాటువైద్యులు వేసే పుత్తూరు కట్టు కానివ్వండి, ఆస్పత్రిలో వేసిన సిమెంటు కట్టు కానివ్వండి. మణికట్టు విరిగి కట్టు పడిందంటే కట్టు బయట ఉన్న వేళ్ళను మొదటి రోజు నుంచే పూర్తిగా ముడిచి చాపాలి, భుజాన్ని రోజూ పైదాకా ఎత్తాలి. మణికట్టు అతుక్కుంది కానీ భుజం పట్టేసింది అంటూ వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, అది పూర్తిగా తప్పించుకోగలిగిన బాధ. వేళ్ళు నల్లబడినా, తిమ్మిరెక్కినా, వాటిని చాపితే భరించలేని నొప్పి వచ్చినా అది వ్యాయామంతో పోయేది కాదు, కట్టు బిగువైందని అర్థం. వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

కట్టు విప్పే రోజున "ఎముక అతుక్కుంది, ఇంటికెళ్ళండి" అన్న మాటతో లేచి రాకండి. ఏ కీలును ఎప్పటి నుంచి, ఎంతవరకు కదిలించాలి అని అడిగి, చీటీ మీద రాయించుకోండి. మీ జిల్లా ఆస్పత్రిలో ఫిజియోథెరపీ విభాగం ఉందేమో కనుక్కోండి. ఉంటే అక్కడికి ఒక్కసారైనా వెళ్ళి, వ్యాయామాలు వాళ్ళ ఎదుట చేసి చూపించి, తప్పుంటే దిద్దించుకోండి. వ్యాయామం ఇంట్లో చేసుకోవడానికి ఒక గోడ, ఒక తువ్వాలు, ఒక కుర్చీ చాలు.